మాంత్రికురాలి కవచం

శీర్షిక : భద్రతా వీథి

ఈ శీర్షికలో ఇంతవరకు ఎర్తింగు గురించి, నిచ్చెనల గురించి, క్రేను తాళ్ళ గురించి, వంటింటి గ్యాసు గురించి ముచ్చటించుకొన్నాము. ఈ మాసం ఒక మాంత్రికురాలి ఆత్మరక్షణ గురించి వ్రాయవలసి వచ్చింది. విషయం విని సంపాదకవర్గంవారు కొంత విస్తుపోయిన మాట నిజమే. అయితే గడచిన సంక్రాంతి సెలవులలో మా క్వార్టరు ముందుగదిలో మేము చేసిన ఒక పొరపాటు, ముప్పై సంవత్సరాల ఉద్యోగంలో ఏనాడో నేర్చుకొన్నామని మేము భావించిన పాఠాన్ని మరల మొదటినుంచి చెప్పించింది. పొరపాటు ఎక్కడ జరిగినా, ఎవరివలన జరిగినా, దాచకుండా వ్రాసిపెట్టుకోవడం ఈ శీర్షిక ఆచారం. ఈసారి పొరపాటు మాది కాబట్టి ఆ ఆచారాన్ని తప్పించుకోవడం ధర్మం కాదు.

ఆట స్వరూపం

మా అమ్మాయి, మన టౌన్‌షిప్‌లోనే ఆమెతోపాటు పెరిగిన నలుగురు స్నేహితులు నేడు తలా ఒక ఊళ్ళో ఉద్యోగాలు చేసుకొంటున్నారు. ఏడాది పొడుగునా ఆదివారాలు కంప్యూటరు తెరల మీద కలుసుకొని ఒక ఆట ఆడుకొంటారు. పండుగలకు వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరి ఇంట బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇరువురు దీనిని రూపొందించారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న పట్టణంనుంచి వెలువడిన ఈ ఆటకు అర్ధ శతాబ్దం నిండిపోయింది. దీని అయిదవ కూర్పు 2014లో వచ్చింది. 2024లో దానిని సవరించారు. మా పిల్లలు 2014 నాటి నియమాలతోనే ఆడుతున్నారు కావున ఈ వ్యాసంలోని అంకెలన్నీ ఆ కూర్పువే.

చదరంగంలో వలె ఇందులో ఎదురెదురు పక్షాలు లేవు. ఒకరు కథ నడుపుతారు. వారిని డంజన్ మాస్టర్ అంటారు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు యోధుడు, ఒకరు దేవతోపాసకుడు, ఒకరు చోరకళా ప్రవీణుడు, మరొకరు మాంత్రికుడు. అందరూ కలిసి కథలోని ఆపదలను ఎదుర్కొంటారు. ఫలితాన్ని పాచికలు నిర్ణయిస్తాయి. మన పచ్చీసులో గవ్వలు ఎటువంటివో ఇందులో ఇరవై ముఖాల పాచిక అటువంటిది. శత్రువు దెబ్బవేసినప్పుడు ఆ పాచిక వేసి, వచ్చిన అంకెకు తన నైపుణ్యాన్ని కలుపుతాడు. ఆ మొత్తం మన రక్షణాంకాన్ని అందుకొంటే దెబ్బ తగిలినట్లు, లేకపోతే తప్పినట్లు. రక్షణాంకాన్ని ఆటలో ఆర్మర్ క్లాస్ అంటారు.

మా అమ్మాయిది మాంత్రికురాలి పాత్ర. మాంత్రికులకు కవచం ధరించే శిక్షణ ఉండదు, ఒంట్లో బలమూ తక్కువే. అప్పటికి ఆమె అయిదవ స్థాయిలో ఉన్నది. ప్రాణబలం ముప్పై రెండు. సహజమైన రక్షణాంకం పన్నెండు. ఓగర్ అనే మహాకాయుడు తన గదతో ఒక దెబ్బ కొడితే సగటున పదమూడు పోతుంది. అనగా మూడవ దెబ్బకు నేలకూలవలసినదే. ఇక మంత్రాలకు కూడా మితం ఉన్నది. రోజుకు మొదటి శ్రేణివి నాలుగు, రెండవ శ్రేణివి మూడు, మూడవ శ్రేణివి రెండు, వెరసి తొమ్మిది ప్రయోగాలు మాత్రమే. ప్రయోగించగానే మంత్రం ఖర్చయిపోతుందన్న భావాన్ని గైగాక్స్ అమెరికన్ రచయిత జాక్ వాన్స్ కథలనుంచి గ్రహించారు. మనకు ఇది కొత్త సంగతి కాదు. అర్జునునికోసం దాచుకొన్న శక్తిని ఘటోత్కచుని మీద ఖర్చు చేసుకొన్న కర్ణుని కథ మనవారందరికీ తెలిసినదే.

సంక్రాంతికి ముందే ఆమె పాత్ర అయిదవ స్థాయికి చేరింది. స్థాయి పెరిగినప్పుడు మంత్రగ్రంథంలో రెండు కొత్త మంత్రాలు వ్రాసుకోవచ్చు. ఒకటి అగ్నిగోళం, అనగా ఫైర్‌బాల్, అని ముందే నిశ్చయించుకొన్నది. రెండవది ఆత్మరక్షణకు ఉపకరించేది కావాలి. "నాన్నా, మీరు జీవితమంతా ప్రొటెక్షన్ ఇంజనీరే కదా, ఏది తీసుకోమంటారు?" అని అడిగింది. కూతురు ఉద్యోగం మారినప్పుడు అడగలేదు, ఇల్లు మారినప్పుడు అడగలేదు. ఇప్పుడు అడిగింది. మేము కళ్ళజోడు సవరించుకొని నియమాల పుస్తకం తీసుకొన్నాము.

కవచాలలో రకాలు

ఆ పుస్తకం చదువుతుంటే మాకు మన కర్మాగారమే కనిపించింది. ఆమెవద్ద అప్పటికే రెండు రక్షణలు ఉన్నవి.

మొదటిది మేజ్ ఆర్మర్. ఒకసారి ప్రయోగిస్తే ఎనిమిది గంటలు ఒంటిమీద ఉంటుంది. సరిగా ఒక షిఫ్టు! రక్షణాంకం పన్నెండునుంచి పదిహేనుకు పెరుగుతుంది. దాని సంగతి మరల తలచుకోనక్కరలేదు. కేబులు మీది ఇన్సులేషను వంటిది.

రెండవది షీల్డ్. ఇది దెబ్బ తగిలిందని తేలిన తరువాత, తత్‌క్షణం ప్రయోగించేది. రక్షణాంకం అయిదు పెరుగుతుంది, తన తరువాతి వంతు వచ్చేవరకు నిలుస్తుంది. ఇది సర్క్యూట్ బ్రేకరు. దోషం వచ్చినప్పుడే పనిచేస్తుంది, ఊరకే ఖర్చుకాదు. కాని దీనికి రెండు పరిమితులు గలవు. ఇటువంటి ప్రతిక్రియ రౌండుకు ఒక్కటే చేయవచ్చు. ఆటలో రౌండు అంటే ఆరు సెకన్లు. రెండవది, ఓగర్ పాచికకు ఆరు కలుపుతాడు. రక్షణాంకం పదిహేనుగా ఉన్నప్పుడు తొమ్మిదినుంచి ఇరవైవరకు పన్నెండు ముఖాలు అతనికి అనుకూలం. షీల్డ్ వాటిలో తొమ్మిదినుంచి పదమూడువరకు అయిదింటినే కాయగలదు. పద్నాలుగు, ఆపైన పడితే మంత్రమూ పోతుంది, దెబ్బా తగులుతుంది.

కొత్తగా ఎంచుకోవలసిన దానికి ముగ్గురు అభ్యర్థులు నిలిచారు. ఒకటి బ్లర్. మనిషి ఆకారం మసకబారి అలలుగా కదులుతుంది. శత్రువు రెండు పాచికలు వేసి తక్కువదానిని తీసుకోవాలి. ఒక నిమిషం, అనగా పది రౌండ్లు నిలుస్తుంది. రెండవది మిర్రర్ ఇమేజ్. తనవంటి ప్రతిబింబాలు మూడు పుట్టి తన చుట్టూ తిరుగుతాయి. శత్రువు దెబ్బ చాలావరకు ప్రతిబింబాల మీదికి పోతుంది. దెబ్బ తగిలిన ప్రతిబింబం మాయమవుతుంది. ఓడల అడుగున, భూమిలో వేసిన గొట్టాలకు తగిలించే జింకు దిమ్మలను తలచుకోండి. తాము కరగిపోతూ ఇనుమును కాపాడతాయి. మూడవది కౌంటర్‌స్పెల్. అరవై అడుగుల లోపల మరొక మాంత్రికుడు మంత్రం వేయబోతుండగా దానిని అడ్డుకొనేది. ఇదీ ప్రతిక్రియే. మూడవ శ్రేణి వరకు గల మంత్రాలను తప్పక అడ్డుతుంది.

మా లెక్క

అంకెలు చూసేసరికి మాకు ఉత్సాహం వచ్చింది. కాగితం తీసుకొని ఓగర్‌నే ప్రమాణంగా పెట్టుకొని లెక్క వేశాము. మేజ్ ఆర్మర్ ఒక్కటే ఉంటే నూటికి అరవై దెబ్బలు తగులుతాయి. దానికి తోడు బ్లర్ ఉంటే రెండు పాచికలూ అనుకూలించాలి కావున అరవైలో అరవై వంతు, నూటికి ముప్పై ఆరు. మిర్రర్ ఇమేజ్ ఉంటే మొదట నూటికి పదిహేనే! మూడు బింబాలు ఉండగా పాచికమీద ఆరు, ఆపైన పడితే దెబ్బ బింబానికి పోతుంది. అయితే ఒక బింబం పోగానే ఇరవై ఒకటి, రెండు పోగానే ముప్పై. మూడూ పోతే మరల అరవై.

మిర్రర్ ఇమేజ్ క్షీణించేది, బ్లర్ క్షీణించనిది. రెండు మంత్రాలకూ గడువు ఒకే నిమిషం. ఇద్దరు ఓగర్లు పది రౌండ్లు కొడితే ఇరవై దెబ్బలు. బ్లర్‌తో సగటున ఏడు తగులుతాయి, మిర్రర్ ఇమేజ్‌తో సుమారు తొమ్మిదిన్నర. కౌంటర్‌స్పెల్ ఓగర్ గదను ఆపదు కాబట్టి దానిని మొదటనే ప్రక్కన పెట్టాము. బ్లర్ తీసుకోమని సలహా ఇచ్చాము. అంతటితో ఊరుకోక మరొక మాట కూడా అన్నాము. "అమ్మా, యుద్ధం మొదలుకాగానే ముందు నీ రక్షణ చూసుకో. మిగతావన్నీ తరువాత." తండ్రి అన్నవాడు మరొక విధంగా చెప్పగలడా?

ఆ రాత్రి జరిగినది

కనుమ నాటి రాత్రి ఆట సాగింది. ఒక పాత కోటలోని మండపంలో ముగ్గురు ఓగర్లు, వారి వెనుక ఒక శత్రు మాంత్రికుడు ఎదురయ్యారు. ఇదివరలో ఇటువంటి సమయంలో మా అమ్మాయి మొదట వెబ్ అనే మంత్రం వేసేదట. ఇరవై అడుగుల ఘనంలో సాలెగూడు అల్లుకొని శత్రువులను బంధించే మంత్రం అది. ఆ రాత్రి ఆమె ఒక్క క్షణం మావైపు చూసి బ్లర్ వేసింది.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. కొన్ని మంత్రాలను వేసి వదిలివేయడానికి వీలులేదు, మనస్సుతో పట్టుకొని ఉండాలి. దానిని కాన్‌సంట్రేషన్, అనగా ఏకాగ్రత అంటారు. ఒక సమయంలో అటువంటి మంత్రం ఒక్కటే నిలుస్తుంది. బ్లర్‌కు ఏకాగ్రత కావాలి. వెబ్‌కూ కావాలి. మేజ్ ఆర్మర్‌కు, షీల్డ్‌కు, మిర్రర్ ఇమేజ్‌కు అక్కరలేదు. ఈ మాట నియమాల పుస్తకంలో ఆయా మంత్రాల పేరు క్రిందనే ఉన్నది. మేము చదివాము, లెక్కలోకి తీసుకోలేదు.

సాలెగూడు లేదు కాబట్టి ముగ్గురు ఓగర్లూ స్వేచ్ఛగా ముందుకు వచ్చారు. ఇద్దరు యోధుని మీద పడ్డారు. ఆ పాత్ర మా ఎదురు క్వార్టరు అబ్బాయిది. మూడవవాడు మాంత్రికురాలిని చేరాడు. రెండవ రౌండులో అతని దెబ్బ, రెండు పాచికలూ దాటుకొని, తగిలింది. షీల్డ్ వేసినా ఆగనంత పెద్ద దెబ్బ. దెబ్బ తగిలినప్పుడల్లా ఏకాగ్రత నిలిచిందో లేదో పాచిక వేసి చూడాలి. ఎనిమిది పడాలి, అయిదు పడింది. బ్లర్ పోయింది. పది రౌండ్లు నిలుస్తుందని మేము లెక్కవేసిన కవచం రెండవ రౌండు దాటలేదు. ఆ వెంటనే శత్రు మాంత్రికుడు అగ్నిగోళం విసిరాడు. ఇరవై అడుగుల వ్యాసార్ధంలో ఉన్నవారందరికీ అది తగులుతుంది. రక్షణాంకంతో దానికి నిమిత్తం లేదు, మసకతో నిమిత్తం లేదు. ఎనిమిది పాచికలు కలిసి ఇరవై తొమ్మిది. ఆమెకు మిగిలిన ప్రాణబలం పంతొమ్మిది. మా అమ్మాయి పాత్ర స్పృహ తప్పి పడిపోయింది.

యోధుడు వెనుకకు తగ్గి ఉంటే బ్రతికేవాడు. ఆ అబ్బాయి తగ్గలేదు. పడిపోయిన స్నేహితురాలికి, ఓగర్లకు మధ్య నిలబడతానన్నాడు. దేవతోపాసకుడు వచ్చి ఆమెకు స్పృహ తెప్పించేంతవరకు నిలబడ్డాడు. తరువాత కూలిపోయాడు. ప్రాణబలం సున్నా అయిన పాత్రకు మూడుసార్లు పాచిక తప్పితే మరణం. పడి ఉన్నవాని దగ్గర నిలబడి కొట్టిన దెబ్బ రెండు తప్పులతో సమానం. ఓగర్ కొట్టాడు. మూడవది అతడే వేసుకోవలసి వచ్చింది. పది పడాలి. నాలుగు పడింది.

మిగిలిన ముగ్గురూ ఎలాగో గెలిచారు. మరణించినవానిని ఒక నిమిషం లోపల బ్రతికించే మంత్రం, రివివిఫై, దేవతోపాసకునికి తెలుసు. అయితే దానికి మూడు వందల బంగారు నాణేల విలువగల వజ్రం కావాలి. వారివద్ద వజ్రం లేదు. కొనుక్కోవాలని చాలా కాలంగా అనుకొంటున్నారు, ప్రతిసారీ మరొక అవసరం వచ్చింది.

ఆ అబ్బాయి తన పాత్ర వివరాలు వ్రాసుకొన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొన్నాడు. మూడేళ్ళుగా చెరిపి, వ్రాసి, చెరిపి వ్రాసిన కాగితం. "ఫరవాలేదు అంకుల్, ఆటే కదా" అన్నాడు మాతో. మేము ఏమీ అడగకుండానే అన్నాడు. మా శ్రీమతి అరిసెల పళ్ళెం తెచ్చి బల్లమీద పెట్టింది. చాలాసేపు ఎవరూ ముట్టుకోలేదు. ఈ అయిదుగురూ చిన్ననాడు ఎవరి సైకిలు చెడినా నలుగురూ నడిచి వచ్చేవారు. అటువంటి పిల్లల మధ్య కూర్చొని మేము ఒకరికి "ముందు నీ రక్షణ చూసుకో" అని చెప్పాము.

మరునాటి ఉదయం

తెల్లవారి కాఫీ వేళ అమ్మాయి పాచికలు, కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. "నాన్నా, నిన్నటి లెక్క మళ్ళీ వేద్దామా?" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ప్రమాదం జరిగిన మరునాడు మనం విచారణకు కూర్చున్నట్లే ఇద్దరం కూర్చున్నాము. తప్పులు మూడు తేలాయి.

మొదటిది, పని వ్యవధి. మంత్రం గడువు పది రౌండ్లు కావున పోరాటమూ పది రౌండ్లు అనుకొన్నాము. నిజానికి వారి పోరాటాలు మూడు నాలుగు రౌండ్లకే తేలిపోతాయట. ఆమె మీదికి వచ్చే దెబ్బలు నాలుగు కంటె తరచుగా ఉండవు. నాలుగు దెబ్బలకే లెక్క వేస్తే మేజ్ ఆర్మర్ ఒక్కదానితో సగటున 2.4 తగులుతాయి, బ్లర్‌తో 1.44, మిర్రర్ ఇమేజ్‌తో 0.84. సుమారు పది దెబ్బలు దాటితేగాని బ్లర్‌ది పైచేయి కాదు. అది కూడా ఏకాగ్రత ఎక్కడా చెదరదనుకొంటేనే. ఒక్కొక్క దెబ్బకు అది చెదిరే అవకాశం నూటికి ముప్పై అయిదు. మోటారు కొనేటప్పుడు నిరంతరం నడిచేదా, కొద్దిసేపు నడిచి ఆగేదా అని అడగకుండా ఇండెంటు పెట్టేవానిని మేమే ఎన్నోసార్లు మందలించాము. అదే తప్పు మేము చేశాము.

రెండవది, ఆపద జాతి. గదను తప్పించే కవచం అగ్నిగోళాన్ని తప్పించదు. ఎదుటి పక్షంలో మాంత్రికుడు ఉన్నప్పుడు కౌంటర్‌స్పెల్ ఉన్నదంటే ఆ అగ్నిగోళం పుట్టేదే కాదు. అయితే అదీ సర్వరోగ నివారిణి కాదు. షీల్డ్, కౌంటర్‌స్పెల్ రెండూ ప్రతిక్రియలే. ఓగర్‌కు షీల్డ్ వాడితే ఆ రౌండులో మాంత్రికునికి అడ్డు చెప్పడానికి చేయి ఖాళీ ఉండదు. ఏ ఆపదకు దానిని దాచుకోవాలో ముందే నిశ్చయించుకోవాలి. మేము ఒక్క ఓగర్‌నే ప్రమాణంగా పెట్టుకోవడంవలన మా కాగితంమీద ఈ ప్రశ్నే పుట్టలేదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. కవచం ఎంత కాపాడుతుందని చూశాముగాని, దానిని మోయడానికి ఏమి వదులుకోవలసి వస్తుందో చూడలేదు. అమ్మాయి సాలెగూడు లెక్క వేసి చూపింది. ఓగర్ బరువైనవాడు, చురుకు తక్కువ. ఆమె మంత్రాన్ని తప్పించుకోవాలంటే అతనికి పాచికమీద పదహారు పడాలి. అనగా నూటికి డెబ్బై అయిదు వంతులు చిక్కుకొంటాడు. ముగ్గురిలో సగటున ఇద్దరికి పైగా మొదటి క్షణంలోనే ఆగిపోయేవారు. చిక్కినవాడు కదలలేడు, కొట్టినా బ్లర్ వేసినప్పటివలెనే రెండు పాచికలలో తక్కువదే అతనిది. ఈ రక్షణ ఆమె ఒక్కదానికే కాదు, యోధునికి కూడా, అందరికీ. ఆమెకున్న ఒకే ఒక ఏకాగ్రతను ఆమె ఒంటిచుట్టూ చుట్టించి, మండపంలో ఉన్న తక్కినవారి రక్షణను మేము తీసివేశాము.

తరువాత ఇద్దరం కలిసి క్రమం నిర్ణయించాము. ప్రొద్దున్నే మేజ్ ఆర్మర్. అది షిఫ్టు డ్యూటీ, దానికి తర్కం అక్కరలేదు. వీలైనంతవరకు దూరం, స్తంభాల చాటు. ముప్పాతిక వంతు శరీరం గోడ చాటున ఉంటే షీల్డ్‌తో సమానంగా అయిదు అంకెలు, అదీ ఉచితంగా, వస్తాయని పుస్తకంలోనే ఉన్నది. ఏకాగ్రత ఎప్పుడూ వెబ్ వంటి, పదిమందికి పనికివచ్చే మంత్రానికే. శత్రువు మీదికే వచ్చేస్తే, ఏకాగ్రత అడగని మిర్రర్ ఇమేజ్. ఎదుట మాంత్రికుడు లేకపోతే ప్రతిక్రియ షీల్డ్‌కు, ఉంటే కౌంటర్‌స్పెల్‌కు. ఇక బ్లర్ చెడ్డ మంత్రం కాదు. వేరే ఏకాగ్రత మంత్రం అవసరంలేని చోట, ఒంటరిగా ఎక్కువసేపు దెబ్బలు కాచుకోవలసిన వానికి అది సరియైనదే.

మన సంగతి

ఈ ఏకాగ్రత నియమం ఆట వ్రాసినవారి కల్పన మాత్రమే కాదు. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం మొదలైనప్పుడు తొలి నిమిషాలలోనే నూటికి పైగా అలారాలు మోగాయి. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందరి పదకొండు నిమిషాలలో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు వచ్చాయి. ఒక్కొక్క అలారమూ ఎవరో ఒక ఇంజనీరు రక్షణకోసం పెట్టినదే. అన్నీ కలిసి ఆపరేటరు బుద్ధిని పట్టుకొనేసరికి, చూడవలసినది చూడడానికి ఎవరూ మిగలలేదు. మేము కూడా కొత్తలో ఒక ప్యానెలుకు "అదనపు భద్రత"గా ఒక బజరు తగిలించి గర్వపడినవారమే. నెల తిరగకముందే ఆపరేటర్లు దానిని చూడకుండానే చేయి చాపి నొక్కడం అలవాటు చేసుకొన్నారు. వారిని తప్పుపట్టాము. తప్పు వారిది కాదని ఇప్పుడు తోస్తున్నది.

ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాము. "మా ఇంట్లో ఎం.సి.బి. ఉన్నది కదా, షాకు భయం లేదు" అనేవారు మన కాలనీలో ఎందరో ఉన్నారు. ఎం.సి.బి. కాపాడేది తీగను. పదహారు ఆంపియర్ల ఎం.సి.బి.కి మనిషి గుండెను ఆపగల మిల్లీ ఆంపియర్ల స్థాయి కరెంటు కనిపించను కూడా కనిపించదు. మనిషిని కాపాడడానికి ముప్పై మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. వేరే ఉండాలి. ఓగర్‌కు వేసిన కవచం అగ్నిగోళానికి పనికిరాదు. ఈ ఆదివారం మీ ఇంటి బోర్డు తెరచి, ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూడండి. ఉంటే దానిమీది పరీక్ష బటను ఒకసారి నొక్కి, పడుతున్నదో లేదో చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియనుతో పెట్టించుకోండి.

సెలవులు అయిపోయి పిల్లలు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఓడిపోయిన శత్రు మాంత్రికుని గ్రంథం వారికి దొరికిందట. దానిలో కౌంటర్‌స్పెల్ ఉన్నది. నకలు వ్రాసుకోవడానికి ఆరు గంటల కాలం, నూట యాభై బంగారు నాణేలు కావాలి. అందరి సొమ్మూ కలిపితే మూడు వందల పై చిల్లర ఉన్నది. "ఏం చేశావమ్మా?" అని ఫోనులో అడిగాము. "ముందు వజ్రం కొన్నాము నాన్నా. ఎవరు పడిపోయినా పనికివస్తుంది. నా మంత్రం సంగతి తరువాత చూద్దాము" అన్నది.

ఈసారి మేము సలహా ఏమీ చెప్పలేదు. ఎదురు క్వార్టరు అబ్బాయి కొత్త పాత్ర వ్రాసుకొన్నాడట. మరల యోధుడే. ఉగాదికి అందరూ వస్తామన్నారు.